కొత్తగా ఇంటికొచ్చిన బాల్ పైథాన్ బెదిరిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. పది రోజుల కింద ఒక రెప్టైల్ ఎక్స్‌పోలో బాల్ పైథాన్ అనే పాము పిల్లను కొన్నాను, అడుగున్నర పొడవు ఉంటుంది. 40 గ్యాలన్ల గాజు ట్యాంకులో పెట్టి హాల్లో టీవీ పక్కన ఉంచాను (ఫోటో పంపుతున్నాను). మొదట్లో ఉండ చుట్టుకుని కదలకుండా పడి ఉండేది. ఇప్పుడు రాత్రంతా గాజుకి ముక్కు రాస్తూ తిరుగుతోంది. చెయ్యి పెడితే బుస కొడుతోంది, నిన్న నా వేలి మీదకి దూకింది. రెండుసార్లు ఎలుకను పెట్టినా ముట్టుకోలేదు. నాకు అలవాటు పడుతుందని రోజూ అరగంట చేతిలో పట్టుకుంటున్నాను. రూమ్మేట్స్ తిరిగి ఇచ్చేయమంటున్నారు. వీడియో కాల్‌లో చూసిన అమ్మేమో అది నా మీద పగబట్టిందని ఏడుస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: తమ్ముడూ, చేతిలో పట్టుకోవడం ఇవాళ్టితో ఆపెయ్. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది చెయ్యి. నువ్వు మంచి ఉద్దేశంతోనే పట్టుకుంటున్నావు, కుక్కపిల్లయితే అలాగే దగ్గరవుతుంది కూడా, కానీ పాము అలా కాదు. దానికి ముందు భయం పోవాలి, మన చేతికి అలవాటు పడేది ఆ తర్వాతే. బెదిరి ఉన్నప్పుడు రోజూ అరగంట పట్టుకుంటే దానికి అర్థమయ్యేది ఒక్కటే, ఇక్కడ రోజూ ఒక పెద్ద జంతువు వచ్చి నన్ను పట్టేసుకుంటోంది, దాక్కుందామంటే చోటు లేదు అని.

ఇది ఎక్కడి జీవో తెలిస్తే నువ్వు చెప్పినవన్నీ నీకే అర్థమైపోతాయి. బాల్ పైథాన్‌ది పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డిభూముల్లో పగలంతా ఎలుకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో ముడుచుకుని పడుకుంటుంది, చీకటి పడ్డాక బయటికొస్తుంది. పేరులో పైథాన్ అని ఉన్నా, మన కొండచిలువకు బంధువే అయినా, ఇది చిన్న పాము. పెద్దయినా సాధారణంగా మూడు నుంచి ఐదడుగులు, ఆడవి కాస్త పెద్దవి. అడవిలో దీన్ని తినేవి చాలా ఉంటాయి, అందుకే ప్రమాదం అనిపించగానే తలను మధ్యలో దాచుకుని ఒంటిని చుట్టూ బంతిలా చుట్టేసుకుంటుంది. బాల్ అనే పేరు అలా వచ్చిందే. నీ దగ్గర మొదట్లో ఉండ చుట్టుకుని పడి ఉన్నప్పుడు అది "బుద్ధిగా" ఉందనుకున్నావేమో, నిజానికి అప్పుడే అది అన్నిటికన్నా ఎక్కువ భయపడి ఉంది. ఇప్పుడు గాజుకి ముక్కు రాస్తోందంటే దూరడానికి కన్నం వెతుకుతోంది. మెడను ఎస్ ఆకారంలో వెనక్కి మడిచి బుస కొడితే దగ్గరికి రావద్దని చెప్పడం. నువ్వు ఆ మాట వినకుండా చెయ్యి ఇంకా ముందుకు పెట్టావు, అది దూకింది. అందులో కోపం లేదు, పగ లేదు.

ఇక నీ ఫోటో. ఒక మూల నీళ్ల గిన్నె, మధ్యలో రెండువైపులా తెరిచి ఉన్న చెక్క దుంగ, పైన ఎర్ర బల్బు, గాజుకి అతికించిన గుండ్రటి ముల్లు థర్మామీటరు, అంతే. నాలుగు వైపులా గాజు, ఒకవైపు టీవీ వెలుగు, ఇంకోవైపు సోఫాలో ముగ్గురు మనుషులు. పిల్ల పాముకి 40 గ్యాలన్ల ట్యాంకు మరీ పెద్దదనీ, అందుకే బెదురుతుందనీ నీకు కొందరు చెబుతారు, చిన్న డబ్బాలోకి మార్చమంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. అడవి కన్నా పెద్ద ట్యాంకు ఎక్కడా లేదు కదా, అక్కడ బతకడం లేదా? ట్యాంకు పెద్దదవడం సమస్య కాదు, ఖాళీగా ఉండటం సమస్య.

కాబట్టి మొదటి పని, హైడ్‌లు, అంటే అది దూరి దాక్కునే గూళ్లు, రెండు పెట్టు. ఒకటి వేడి వైపు, ఒకటి చల్ల వైపు, వీలైతే రెండూ ఒకేలాంటివి. ఒక్కటే పెడితే అది వెచ్చదనం కావాలా, దాక్కోవడం కావాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. భయపడిన పాము దాక్కోవడమే ఎంచుకుంటుంది, అలా చల్లటి మూల ముడుచుకుని ఉండిపోతే తిన్నది అరగదు, అసలు తినదు కూడా. హైడ్ ఎంత ఇరుకుగా ఉంటే దానికి అంత ధైర్యం. లోపల చుట్టుకుని పడుకున్నప్పుడు గోడలు దాని ఒంటికి, పైకప్పు దాని వీపుకి తగులుతూ ఉండాలి. నువ్వు పెట్టిన దుంగలో గాలి ఇటు నుంచి అటు పోతోంది, అది దాక్కునే చోటు కాదు. డబ్బులు పెట్టక్కర్లేదు, వెలుతురు చొరబడని ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి కడిగి, బోర్లించి, పక్కన అడుగుభాగంలో దాని ఒంటికి రెండింతలు ఉండేలా కన్నం కోసి, అంచులు గీరుకోకుండా నున్నగా చెయ్యి. సరైన హైడ్ దొరికిన పాము ఎలా ఉంటుందో నువ్వే చూస్తావు, సాయంత్రం లైట్లు తగ్గాక కన్నం దగ్గర గడ్డం మాత్రం నేలకి ఆనించి, ఒళ్లంతా లోపలే ఉంచి, నాలుక నెమ్మదిగా ఆడిస్తూ బయటికి చూస్తుంటుంది. పెంచేవాళ్లం మనందరం ఎదురుచూసే దృశ్యం అదే.

రెండు హైడ్‌ల మధ్య ఖాళీ నేల వదలకు. ప్లాస్టిక్ ఆకులు, బెరడు ముక్కలు, కొమ్మలు, ఏవైనా సరే, ఒక హైడ్ నుంచి ఇంకోదానికి ఎవరికీ కనపడకుండా వెళ్లగలిగేలా నింపెయ్. ట్యాంకుకి వెనక, రెండు పక్కలా బయటి నుంచి నల్ల కాగితం అతికించు, ముందు వైపు మాత్రం వదిలెయ్. ఈ మొదటి వారాల్లో ముందువైపు కూడా పల్చటి గుడ్డ కప్పినా మంచిదే. కనపడని పాముని పెంచడమేంటని రూమ్మేట్స్ అంటారు, అననీ.

వేడి విషయంలో మాత్రం ఉజ్జాయింపు లెక్కలు పనికిరావు. వేడి వైపు నేల 88 నుంచి 92 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య, చల్ల వైపు 76 నుంచి 80 మధ్య ఉండాలి, రాత్రి కూడా 75 కన్నా తగ్గకూడదు. గాజుకి అతికించిన ముల్లు మీటరు గాజు దగ్గరి గాలిని చూపిస్తుంది, అది కూడా తప్పుగా చూపిస్తుంది, పీకి పారెయ్. వైరు చివర వేడిని కొలిచే ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒకదాని ప్రోబ్ వేడి వైపు హైడ్ లోపల నేల మీద, రెండోది చల్ల వైపు పెట్టు. ఏ హీటర్ వాడినా, మ్యాట్ కానీ సెరామిక్ హీటర్ కానీ, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టొద్దు. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మీద పడుకుని పొట్ట కాలిన పాములను చూస్తే మనసు పాడవుతుంది, పాపం అవి కాలుతున్నా సమయానికి పక్కకి జరగవు. హీట్ రాక్ అని కరెంటుతో వేడెక్కే రాయి అమ్ముతారు, అదీ అంతే, కొనకు. ఎర్ర బల్బు రాత్రంతా వెలిగించొద్దు, ఎర్ర వెలుగు దానికి కనపడదని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకు. పగలు ఒక పన్నెండు గంటలు గది వెలుతురు, రాత్రి పూర్తి చీకటి, అది చాలు. రాత్రి వెచ్చదనానికి వెలుగు ఇవ్వని హీటర్ వాడు.

తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉంచు. మీ ఊళ్లో వేసవిలో ఏసీ, చలికాలంలో హీటర్ రెండూ గాలిని పొడి చేసేస్తాయి, పైగా మీ ట్యాంకు మూత జాలీది, ఉన్న తడి కాస్తా అందులోంచి పోతుంది. మూతలో సగానికి పైగా అల్యూమినియం ఫాయిల్ కప్పు, హీటర్ ఉన్న చోట మాత్రం వదిలెయ్. కింద పరిచిన కాగితం తీసేసి కొబ్బరి పీచు ముక్కలు రెండు మూడు అంగుళాల మందాన వెయ్యి, మూలల్లో కాసిని నీళ్లు పొయ్యి, పైభాగం పొడిగా, అడుగు తడిగా ఉండాలి. దేవదారు పొట్టు మాత్రం వెయ్యొద్దు, ఆ నూనెల ఘాటు వాటికి పడదు.

ఇప్పుడు చోటు. హాల్లోంచి తీసెయ్. పాముకి బయటి చెవులు లేవు కానీ నేలలోంచి వచ్చే అదురు దాని దవడ ఎముకల ద్వారా లోపలికి తెలుస్తుంది. నీ టీవీ స్టాండు మీద సౌండ్‌బార్ మోగితే, శనివారం రాత్రి మీ వాళ్లందరూ చేరి స్పీకర్ పెడితే, దాని ఒంటి కింద నేలంతా వణుకుతున్నట్టే. నీ బెడ్‌రూమ్‌లో, తలుపు దూరంగా, నడిచే దారి కాని మూల, కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టు. ఇంకొక మాట, ఇది మన ఇళ్లకే వచ్చే సమస్య కాబట్టి ఇంగ్లిష్ పుస్తకాల్లో కనపడదు. వంటగదికి దగ్గరగా ఉంటే ఎండుమిర్చి తాలింపు ఘాటు, పూజ దగ్గర అగరుబత్తి, సాంబ్రాణి పొగ, దోమలకి పెట్టే లిక్విడ్, రూమ్ స్ప్రే, ఇవన్నీ దాని ఊపిరితిత్తులకు మంచివి కావు. మనకి ముక్కు మండితే కిటికీ తెరుచుకుంటాం, అది ఎక్కడికీ పోలేదు. ఆ గదిలో ఇవేవీ వద్దు.

ఇవన్నీ ఒకే రోజు మార్చేసి, ఇక వదిలెయ్. కనీసం ఒక వారం, నా మాట వింటే పది రోజులు, నీళ్లు మార్చడానికి, మలం తీయడానికి తప్ప ట్యాంకు తెరవొద్దు. హైడ్ ఎత్తి "ఉందా లేదా" అని చూడొద్దు, ఉంటుంది. చాలామంది ఇక్కడే ఓడిపోతారు, రోజూ ఒక్కసారి మూత ఎత్తి చూసుకుంటే ఏమవుతుందిలే అనుకుంటారు, హైడ్ పైకప్పు ఎగిరిపోయే ఇల్లని దానికి ఒకసారి తెలిశాక మళ్లీ నమ్మకం కుదరడానికి రోజులు పడుతుంది. చూడాలనిపిస్తే చీకటి పడ్డాక గదిలో లైటు తీసేసి దూరంగా కూర్చో.

తిండి గురించి నీకు టెన్షన్ ఎక్కువగా ఉంది, కానీ నాకు అంత లేదు. పాముల్లో తిండి మానేయడానికి పేరుపడింది ఇదే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండి మళ్లీ మామూలుగా తింటుంది. పిల్లలకి అంత ఓపిక ఉండదు కానీ రెండు మూడు వారాల పస్తు వాటికీ ప్రమాదం కాదు. ముందు నువ్వు కొన్నవాళ్లకి ఫోన్ చేసి, అక్కడ ఏం తినేది, చిట్టెలుకా పెద్ద జాతి ఎలుక పిల్లా, బతికున్నదా ఫ్రీజ్ చేసిందా, ఏ రోజుల్లో పెట్టేవారు, ఇవన్నీ అడుగు. అక్కడ చిట్టెలుక తిన్న పిల్ల నీ దగ్గర వేరే జాతిని తిండి అని గుర్తుపట్టకపోవచ్చు, వాసన వేరు. మొదటి కొన్నిసార్లు అదే పెట్టు, మార్పులు తర్వాత.

ఫ్రీజర్‌లోది రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరగనిచ్చి, పెట్టే ముందు జిప్ కవర్లో వేసి వేడినీళ్లలో ఉంచు, దాని తల సుమారు 100 ఫారెన్‌హీట్ డిగ్రీలకు వెచ్చబడాలి. బాల్ పైథాన్ పెదవుల పక్కన చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది, చల్లటి ఎలుక దాని లెక్కలో తిండే కాదు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల ఉడికిపోతుంది, పగులుతుంది. తుడిచి, పొడవాటి పటకారుతో పట్టుకుని, చీకటి పడ్డాక, లైట్లు తీసేసి, హైడ్ కన్నం దగ్గరగా చూపించు. ముఖానికి తగిలించి ఆడించకు. తల వెనక్కి తీసుకుందంటే అక్కడే ఆకు మీద పెట్టి వెళ్లిపో, తెల్లారి ఉంటే పారెయ్. మళ్లీ వారం దాకా అడగొద్దు. రెండు రోజులకోసారి పెట్టి చూడటం వల్ల ఇంకా మొండికేస్తుంది. ఎలుక దాని ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంత ఉంటుందో అంత లావు ఉంటే చాలు. బతికున్న ఎలుకని పెట్టి వదిలేయడం నాకు అసలు ఇష్టం లేదు, ఆకలి లేని పాముని ఎలుకే కొరికి గాయం చేస్తుంది.

ఈ ఫ్రీజర్ సంగతి రూమ్మేట్స్‌తో ముందే మాట్లాడు. మూత గట్టిగా పడే వేరే డబ్బా, వేరే పటకారు, వేరే గిన్నె, వంటింటి సింక్‌లో ఏదీ కడగొద్దు. అలాగే గ్రాముల్లో చూపించే చిన్న తూకం ఒకటి కొను. వదిలేసిన ఆ పది రోజుల తర్వాత ఒకసారి, ఆపైన రెండు వారాలకోసారి బరువు రాసుకో. బరువు నిలకడగా ఉంటే తినకపోయినా కంగారు వద్దు, పదో వంతు తగ్గితే రెప్టైల్స్ చూసే ఎగ్జాటిక్ వెట్ దగ్గరికి తీసుకెళ్లు, కుక్కలు పిల్లుల డాక్టర్లందరికీ పాములు తెలియవు. బరువుతో సంబంధం లేకుండా వెంటనే వెళ్లాల్సినవి కూడా ఉన్నాయి, ఊపిరి తీస్తుంటే గురకలా చప్పుడు, నోటి దగ్గర నురగ, నోరు తెరుచుకుని తల పైకెత్తి ఉండటం, నీళ్ల గిన్నెలో మిరియాల పొడిలా నల్లటి చుక్కలు తేలడం. ఆ చుక్కలు మైట్స్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, ఎక్స్‌పోలో కొన్న పాములకి ఇవి అంటుకుని రావడం మామూలే, కాబట్టి నీళ్లు పారబోసే ముందు గిన్నెలోకి ఒకసారి చూడు. ఇంకొకటి అడుగుతాను, తల ఊగుతుందా, స్క్రూ తిప్పినట్టు మెలిక తిరుగుతుందా? స్పైడర్ అనే రంగు రకంలో ఇది పుట్టుకతో వచ్చే నరాల సమస్య, భయం కాదు, పోదు కూడా. అమ్మినవాళ్లని ఇది ఏ మార్ఫ్, అంటే ఏ రంగు రకం అని అడుగు.

వరుసగా రెండు మూడుసార్లు తిన్నాక అప్పుడు చేతిలోకి తీసుకో. తిన్న రెండు రోజుల లోపల వద్దు, కక్కేస్తుంది, కక్కడం దానికి పెద్ద దెబ్బ. కళ్లు పాలరంగు నీలంలోకి మారితే కుబుసం విడుస్తోందని అర్థం, అప్పుడు సరిగా కనపడదు, అందుకే ఇంకా బెదురుతుంది, అప్పుడూ వద్దు. సబ్బుతో చేతులు కడుక్కుని, ఎలుక వాసన లేకుండా, పై నుంచి కాకుండా పక్క నుంచి వెళ్లి, ముందు ఒంటి మధ్యభాగాన్ని వేలితో నెమ్మదిగా తాకి, ఒక క్షణం ఆగి, రెండు చేతులతో కింద నుంచి ఎత్తు. తల పట్టుకోవద్దు. నేల మీద కూర్చుని చేతి మీదుగా చేతి మీదకి పాకనివ్వు, మొదట్లో ఐదు నిమిషాలు చాలు. వారానికి రెండు సార్లు, అంతకు మించొద్దు. బిగుసుకుపోయి కదలకపోతే అది "ఎంజాయ్" చేయడం కాదు, తిరిగి పెట్టెయ్. ఆ తర్వాత మళ్లీ సబ్బుతో చేతులు కడుక్కో, రెప్టైల్స్ ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఎవరైనా చంటిపిల్లలతో వస్తే వాళ్లని ముట్టుకోనివ్వద్దు. ఎప్పుడైనా కొరికితే కంగారు పడకు, విషం లేదు, చిన్న గాట్లు పడతాయి, సబ్బునీళ్లతో కడుక్కుంటే సరి. చెయ్యి విసురుగా లాక్కోకు, దాని పళ్లు విరుగుతాయి.

అమ్మ గురించి. ఆవిడని తీసిపారేయకు. పాము అంటే మన ఊళ్లలో ప్రాణాలు తీసేది, ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ పగబట్టాలంటే నువ్వెవరో గుర్తుపెట్టుకుని ఎదురుచూడాలి, పాము బుర్రకి అంత పని చేతకాదు, నీ చెయ్యి వెచ్చగా, పెద్దగా ఉందని మాత్రం తెలుసు. ఇది విషం లేనిదనీ, సాధారణంగా ఐదడుగులు దాటదనీ, మూతకి గొళ్లెం ఉందనీ చూపించు. నిజంగానే గొళ్లెం పెట్టు, పాములు జాలీ మూతలని ముక్కుతో నెట్టుకుని బయటపడతాయి. నాగుల చవితికి పాలు పొయ్యమంటే అది పాలు తాగదని చెప్పు. పాలు దానికి అరగవు, దాహంతో మాడ్చిన పాములే గతిలేక తాగుతాయి.

రూమ్మేట్స్ అడిగింది మాత్రం సీరియస్‌గా ఆలోచించు. లీజులో పాము పెంచుకోవచ్చని ఉందా? ఈ పాము ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్లు పైబడిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. నీ చదువు రెండేళ్లు. ఉద్యోగం వచ్చి ఊరు మారినా, ఇండియా తిరిగి వెళ్లాల్సొచ్చినా దీని సంగతేంటి? సూట్‌కేస్‌తో పాటు తెచ్చుకునేది కాదిది, అంతర్జాతీయ వన్యప్రాణుల వ్యాపార ఒప్పందం సైటిస్ జాబితాలో ఉంది, పర్మిట్లు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. ఇండియాలో 2022లో వన్యప్రాణుల చట్టాన్ని సవరించాక అలాంటి జీవులను పెంచుకునేవాళ్లు రిజిస్టర్ చేయించుకోవాలి కూడా. నీ పోస్టులు చూసి హైదరాబాద్‌లో ఉన్న మీ ఫ్రెండ్స్ ఎవరైనా ఊరి పాముని పట్టి పెంచుకుందాం అనుకుంటే వద్దని గట్టిగా చెప్పు, 1972 చట్టం ప్రకారం అది నేరం. ఉంచుకోలేనని ఇప్పుడే అనిపిస్తే రెప్టైల్ రెస్క్యూ వాళ్లకి ఇవ్వు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బయట పొదల్లో మాత్రం వదలొద్దు, మీ ఊరి చలికాలం దాన్ని చంపేస్తుంది.

ఉంచుకుంటానంటే ఈ వారాంతంలోనే ట్యాంకు మార్చు. రెండు ప్రోబ్‌ల రీడింగులు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాసి, అమ్మినవాళ్లు చెప్పిన తిండి వివరాలతో పాటు నాకు పంపు. అవి చూశాక మూడోసారి ఎలుక ఎప్పుడు పెట్టాలో చెబుతాను, ఈలోపల పెట్టకు.